ఏడు తరాల ఎం5: అసలు మలుపు ఎక్కడ?

2024లో బీఎండబ్ల్యూ తన 5 సిరీస్ సెడాన్‌కు అన్నిటికంటే బలమైన రూపమైన ఎం5ను కొత్తగా బయటపెట్టినప్పుడు అభిమానులు మొదట మాట్లాడుకున్నది హార్స్‌పవర్ గురించి కాదు, బరువు గురించి. 727 హెచ్‌పీ ఉన్న బండి అది. అయినా అందరి కళ్లూ 2,435 కిలోలు అన్న అంకె దగ్గరే ఆగిపోయాయి. 1985 నాటి మొదటి ఎం5 బరువు 1,430 కిలోలు. తేడా వెయ్యి కిలోలు దాటింది. అంటే మొదటి ఎం5 మీద ఒక మారుతి స్విఫ్ట్‌ను ఎక్కించినా ఈ కొత్త బండి బరువుకు ఇంకా కొంచెం తక్కువే. పెట్రోలు ఇంజన్‌కు తోడు ఎలక్ట్రిక్ మోటార్, బ్యాటరీ పెట్టి ఎం5ను చెడగొట్టారని చాలామంది నిజంగానే బాధపడ్డారు.

ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఏడు తరాల బండ్లనూ వరసగా పెట్టి చూస్తే, ఎం5 స్వభావం మారింది 2024లో కాదనిపిస్తుంది. అది మారింది 2011లో. బ్యాటరీ ఆ దారిలో పడిన రెండో అడుగు మాత్రమే. ఎందుకో చెప్పాలంటే ముందు ఇంజన్ లెక్క ఒకటి తెలియాలి.

ఇంజన్ గాలి పీల్చి బతికే యంత్రం. పెట్రోలు ఎంత కావాలన్నా పోయొచ్చు. దాన్ని కాల్చడానికి సరిపడా గాలిని లోపలికి తేవడమే కష్టం. పత్తి తీసే రోజుల్లో చేలోంచి ఇంటికి పత్తి మోసే పనిని గుర్తు తెచ్చుకోండి. గంటలో ఎక్కువ పత్తి చేరాలంటే మూడు దారులున్నాయి. బోరెం, అంటే పత్తి మోసే సంచి, పెద్దది తెచ్చుకోవాలి. లేదా ఉన్న బోరెంతోనే ఎక్కువసార్లు తిరగాలి. అదీ కాదంటే బోరెంలోకి దిగి పత్తిని కాళ్లతో తొక్కి తొక్కి కూరాలి. ఇంజన్‌లో మొదటిది సీసీ పెంచడం, అంటే సిలిండర్ల లోపలి చోటు పెంచడం. రెండోది ఆర్‌పీఎం పెంచడం, అంటే నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు పెంచడం. మూడోది టర్బో, అంటే గాలిని బలవంతంగా లోపలికి కూరే పరికరం. నలభై ఏళ్ల ఎం5 చరిత్ర ఈ మూడు దారుల మధ్యే నడిచింది.

ఇంకో మాట కూడా ఇక్కడే. మనం పికప్ అనేది చాలావరకు టార్క్ వల్ల వస్తుంది. టార్క్ అంటే ఇంజన్ తిప్పే బలం. ఆ బలాన్ని ఆర్‌పీఎంతో గుణిస్తే వచ్చేది హార్స్‌పవర్. అందుకే ఒకే హార్స్‌పవర్ ఉన్న రెండు ఇంజన్లు నడిపేవాడికి పూర్తిగా వేర్వేరుగా అనిపించొచ్చు. ఒకటి కింది ఆర్‌పీఎంలోనే వీపు మీద చెయ్యి పెట్టి తోసినట్టు ఉంటుంది. ఇంకోదాన్ని గట్టిగా రేజ్ చేస్తే గానీ దాని బలం బయటపడదు. ఈ వ్యాసంలోని హెచ్‌పీ అంకెలన్నీ యూరప్ లెక్క ప్రకారం ఇచ్చినవి.

ఇక కథ. 1972లో బీఎండబ్ల్యూ రేసుల కోసం మోటార్‌స్పోర్ట్ పేరుతో వేరే కంపెనీ పెట్టింది. ఆ కంపెనీ చేతిలో 1978లో ఎం1 అనే స్పోర్ట్స్ కారు తయారైంది. సీట్ల వెనకే ఇంజన్, నేలకు అంటుకుపోయినట్టుండే ఒళ్లు. మూడేళ్లలో తయారైనవి 450 చిల్లర మాత్రమే. బండి ఆగిపోయింది కానీ, దాని కోసం బీఎండబ్ల్యూ ఇంజనీరు పాల్ రోషె రూపొందించిన ఇంజన్ మిగిలింది. వరసగా ఆరు సిలిండర్లు, 24 వాల్వులు, మూడున్నర లీటర్లు. దానికి కొన్ని మార్పులు చేసి మామూలు 5 సిరీస్ సెడాన్ బానెట్ కింద పెట్టారు. లోపలివాళ్లు ఈ28 అని పిలిచే మొదటి ఎం5 అలా పుట్టింది. 286 హెచ్‌పీ, గంటకు 245 కిలోమీటర్ల వేగం. అంత వేగంగా వెళ్లే నాలుగు తలుపుల బండ్లు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఆ బండిలో నాకు బాగా నచ్చే విషయం దాని వేగం కాదు, దాని మౌనం. అదే కాలంలో ఎం535ఐ అని ఇంకో 5 సిరీస్ ఉండేది. దానికి ముందూ వెనకా స్పాయిలర్లు, పక్కన స్కర్టులు. చూడగానే రేసు బండిలా ఉండేది, బలం మాత్రం 218 హెచ్‌పీ. అసలు ఎం5కు అలాంటివేవీ ఉండేవి కావు. ఎదురుగా చూస్తే ఏ ఆడిటరో ఆఫీసుకు వెళ్లే కారులా ఉండేది. గ్రిల్ మీద చిన్న బ్యాడ్జీ, డిక్కీ మీద ఇంకోటి. అంతే. చేత్తో ఒక్కొక్కటిగా కూర్చిన ఆ బండ్లు మొత్తం 2,200 ప్రాంతంలోనే తయారయ్యాయి.

ఆ ఇంజన్‌లోని ఒక ఏర్పాటు గురించి కాస్త ఆగి చెప్పాలి. మామూలు ఇంజన్‌లో గాలి అంతా ఒకే థ్రాటిల్, అంటే గాలిని లోపలికి వదిలే తలుపు, గుండా వచ్చి, గొట్టాల్లో తిరిగి, సిలిండర్లకు పంచుకోబడుతుంది. ఇంటికంతా ఒకే వాకిలి ఉన్నట్టు. ఎం5 ఇంజన్‌లో ప్రతి సిలిండర్‌కూ దాని పక్కనే సొంత థ్రాటిల్ ఉంది. ప్రతి గదికీ వీధివైపు తలుపు పెట్టినట్టు. యాక్సిలరేటర్ మీద కాలు కదిపిన మరుక్షణం గాలి సిలిండర్‌లో ఉంటుంది. ఆరు థ్రాటిళ్లనూ ఒకదానితో ఒకటి సమానంగా కదిలేలా సరిచూడటం ఓపికతో కూడిన పని, ఖర్చు కూడా. కానీ కాలికీ ఇంజన్‌కీ మధ్య ఆలస్యం దాదాపు ఉండదు. ఈ ఒక్క లక్షణం మొదటి నాలుగు తరాల్లోనూ కొనసాగింది. ఆరు, మళ్లీ ఆరు, తర్వాత ఎనిమిది, తర్వాత పది థ్రాటిళ్లు. ఎం5 వంశాన్ని గుర్తుపట్టడానికి నాకు బ్యాడ్జీ కంటే ఇదే నమ్మకమైన గుర్తు.

1988లో వచ్చిన రెండో తరం, ఈ34, అదే ఇంజన్‌ను ఇంకాస్త సాగదీసింది. ముందు 315 హెచ్‌పీ, తర్వాత 3.8 లీటర్లకు పెంచి 340. మొదటిసారి స్టేషన్ వ్యాగన్ రూపం, అంటే టూరింగ్, కూడా వచ్చింది. కానీ బండి బరువు 1,670 కిలోలకు చేరింది. టన్నుకు ఎన్ని హార్స్‌పవర్లు అని లెక్క వేస్తే మొదటి ఎం5కు 200 ఉంటే, 315 హెచ్‌పీ ఈ34కు 189 మాత్రమే. అంటే బరువు గోల 2024లో మొదలైంది కాదు, రెండో తరంలోనే ఉంది. గట్టి బాడీ, మెరుగైన భద్రత, పెద్ద చక్రాలు, పెద్ద బ్రేకులు, కొనేవాళ్లు అడిగే సౌకర్యాలు. ఒక్కొక్కటీ న్యాయమైన కోరికే. అన్నీ కలిస్తే మాత్రం ఇంజన్ మీద అప్పులా పేరుకుంటాయి. తర్వాతి ఇంజన్ ముందు ఆ అప్పు తీర్చాలి, ఆ మిగిలినదే కొత్త వేగం. చేత్తో కూర్చిన చివరి ఎం5 కూడా ఇదే.

ఆరు సిలిండర్ల ఆ ఇంజన్‌ను ఇక పెంచడానికి చోటు లేదు. మరోపక్క సొంత ఇంట్లోనే పోటీ మొదలైంది. 1990ల చివర్లో షోరూమ్‌లో మామూలుగా దొరికే 5 సిరీస్ 540ఐలో వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఉండేది. దాని బలం 286 హెచ్‌పీ. అంటే మొదటి ఎం5 బలం అచ్చంగా అంతే ఇప్పుడు ఏ ఆర్భాటమూ లేని కుటుంబ కారులో దొరుకుతోంది. ఎం5 అన్న పేరు నిలబడాలంటే చిన్న అడుగు చాలదు. ఎం5 చరిత్రలో ఇది మళ్లీ మళ్లీ జరుగుతుంది. బయటి పోటీదారులైన మెర్సిడెస్, ఆడీల గురించి అందరూ మాట్లాడతారు. కానీ కింది అంతస్తులోని తమ్ముడు పెరిగి భుజం దాకా రావడమే ఎం5ను ఎక్కువగా తోసింది.

1998 నాటి ఈ39 అందుకే వీ8కు మారింది. 4.9 లీటర్లు, 400 హెచ్‌పీ, 500 న్యూటన్ మీటర్ల టార్క్. బోరెం పెద్దది చేసే దారి ఇది. ఎనిమిది థ్రాటిళ్లు అలాగే ఉన్నాయి, చేత్తో వేసే ఆరు గేర్లు తప్ప వేరే గేర్‌బాక్స్ ఇవ్వనే లేదు. బండ్లను చేత్తో కూర్చే పద్ధతి ఆపి డింగోల్ఫింగ్ ఫ్యాక్టరీలో మిగతా 5 సిరీస్‌లతో పాటే తయారుచేశారు. 20,482 బండ్లు బయటికొచ్చాయి. ఎం5 పెద్దమనిషి తరహా ఎక్కువగా కనిపించేది ఈ తరంలోనే. ఊళ్లో మెల్లగా తిరుగుతుంది, హైవే ఎక్కితే మూడో గేరులోనే కావలసినంత బలం. దాని స్టీరింగ్ మాత్రం మిగతా బండికి తగ్గట్టు చురుగ్గా ఉండదు. పెద్ద వీ8 పక్కన చోటు లేక పాత తరహా స్టీరింగ్ బాక్స్ పెట్టాల్సి వచ్చింది. అయినా మొత్తంగా చూస్తే ఏడింటిలో ఏ పక్కకూ ఒరగకుండా నిలబడింది ఇదే అని నా అభిప్రాయం.

తర్వాత ఏం చేయాలి? అప్పటికి ఎదుటివాళ్లు మూడో దారి పట్టేశారు. 2002 నాటి మెర్సిడెస్ ఈ55 ఏఎంజీలో సూపర్‌చార్జర్, అదే కాలపు ఆడీ ఆర్‌ఎస్6లో రెండు టర్బోలు. గాలిని బలవంతంగా కూరే పద్ధతులే రెండూ. బీఎండబ్ల్యూ ఆ దారి వద్దనుకుంది. రెండో దారిని చివరిదాకా నడిచి చూద్దామనుకుంది. అప్పట్లో ఆ కంపెనీ ఫార్ములా వన్‌లో విలియమ్స్ జట్టుకు పది సిలిండర్ల ఇంజన్లు ఇస్తోంది. 2005లో అమ్మకానికి వచ్చిన ఈ60 ఎం5లోనూ పది సిలిండర్ల ఇంజన్ పెట్టారు. సరిగ్గా 4,999 సీసీ. రేసు ఇంజన్ల బ్లాకులు పోసిన లాండ్స్‌హూట్ ఫౌండ్రీలోనే దీని బ్లాకునూ పోశారు.

ఈ ఇంజన్ లెక్కలు ఇప్పటికీ ఒళ్లు పులకరింపజేస్తాయి. 7,750 ఆర్‌పీఎం దగ్గర 507 హెచ్‌పీ. ముల్లు 8,250 దాకా వెళ్తుంది. టర్బో లేకుండానే లీటరుకు వంద హార్స్‌పవర్ దాటింది. కానీ సీసీ దాదాపు ఈ39 అంతే. టార్క్ కూడా 500 నుంచి 520కే పెరిగింది, అది కూడా 6,100 ఆర్‌పీఎం దగ్గర. అంటే అదనంగా వచ్చిన వంద హార్స్‌పవర్లలో దాదాపు అంతా ఎక్కువసార్లు తిరగడం వల్ల వచ్చిందే. అదే బోరెం, రెట్టించిన పరుగు. అందుకే ఈ బండి మెల్లగా పోయేటప్పుడు ఇందులో ఏముందని అనిపిస్తుంది. ఐదు వేలు దాటాక వేరే జీవి మేల్కొంటుంది. స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ 400 హెచ్‌పీ మాత్రమే ఇస్తుంది. మిగతా వంద కావాలంటే మీట నొక్కి అడగాలి.

దానికి చెల్లించిన మూల్యమూ పెద్దదే. కంపెనీ లెక్క ప్రకారమే మైలేజి లీటరుకు ఏడు కిలోమీటర్ల లోపు. కాస్త ఉత్సాహంగా నడిపితే అదీ రాదు. ట్యాంకు 70 లీటర్లే. గేర్లు కంప్యూటరే మార్చే ఏడు గేర్ల ఎస్‌ఎంజీ బాక్సులో క్లచ్ ఒక్కటే. ట్రాఫిక్‌లో గేరు మారిన ప్రతిసారీ తల ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అమెరికా కొనుగోలుదార్లు పట్టుబట్టి మామూలు ఆరు గేర్ల బాక్సు తెప్పించుకున్నారు. పాతబడ్డాక కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరగడం ఈ ఇంజన్‌కు పేరుపడ్డ జబ్బు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మొదట అడిగేది ఆ బేరింగులు మార్చారా లేదా అనే. ఇన్ని ఉన్నా దీన్ని ఎవరూ మర్చిపోలేదు. అంత ధర ఉన్న ఒక కుటుంబ కారును ఇంత మొండి పట్టుదలతో ఎవరూ తయారుచేయలేదు.

కానీ దాన్ని ఇంకో పదేళ్లు నడిపే వీలు లేకుండా పోయింది. కిలోమీటరుకు 357 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదిలే బండి అది. 2009లో యూరోపియన్ యూనియన్ కొత్త చట్టం తెచ్చింది. 2015కల్లా కంపెనీలు అమ్మే కొత్త కార్ల సగటు కిలోమీటరుకు 130 గ్రాముల దగ్గరకు రావాలి, లేకపోతే జరిమానా. ఇంజన్ల చరిత్రను అప్పటిదాకా రేసు ట్రాకులు నడిపాయి. అక్కడి నుంచి పరీక్ష గదులు నడిపించాయి.

ఆ పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే మిగతా కథంతా విడిపోతుంది. బండిని రోలర్ల మీద పెట్టి నెమ్మదిగా, చాలా తేలిగ్గా నడుపుతారు. పెద్ద ఇంజన్, ఎక్కువ సిలిండర్లు ఉంటే అలా తేలిగ్గా నడిపినా లోపలి రాపిడికే చాలా ఇంధనం పోతుంది. కాస్త చిన్న ఇంజన్‌కు టర్బో పెడితే తేలికపాటి ప్రయాణంలో టర్బో పని పెద్దగా ఉండదు, ఖర్చు తక్కువ. గట్టిగా తొక్కినప్పుడు టర్బో గాలి కూరుతుంది, అప్పుడు తాగేది తాగుతుంది. కానీ పరీక్షలో ఎవరూ గట్టిగా తొక్కరు.

2011 నాటి ఎఫ్10 ఎం5 సరిగ్గా ఇదే చేసింది. పది సిలిండర్లు పోయి మళ్లీ వీ8 వచ్చింది, 4.4 లీటర్లే, రెండు టర్బోలు. బలం 560 హెచ్‌పీకి పెరిగింది. కార్బన్ డయాక్సైడ్ 232 గ్రాములకు, అంటే మూడో వంతు పైగా తగ్గింది. కాగితం మీద మైలేజి పది కిలోమీటర్లు దాటింది. టార్క్ 520 నుంచి 680కి ఎగబాకింది. అంతకంటే ముఖ్యం, అది 1,500 ఆర్‌పీఎం దగ్గరే మొదలై 5,750 దాకా అలాగే ఉంటుంది.

ఇక్కడే అసలు మలుపు. ఈ60లో బలం కావాలంటే నడిపేవాడు గేరు తగ్గించి, రేజ్ చేసి దాన్ని పైనుంచి దించుకోవాలి. ఎఫ్10లో కాలు ఆనిస్తే చాలు, బలం ముందే కింద సిద్ధంగా ఉంది. సిలిండర్ పక్కనే నిలబడే సొంత థ్రాటిళ్లు పాతికేళ్ల తర్వాత పోయాయి. గాలి ఇప్పుడు టర్బోలోంచి, కూలర్‌లోంచి, గొట్టాల్లోంచి వస్తుంది. టర్బోలు సైలెన్సర్ దారిలో కూర్చోవడం వల్ల శబ్దం మెత్తబడింది. ఆ లోటు పూడ్చడానికి ఇంజన్ శబ్దాన్ని స్పీకర్లలోంచి వినిపించారు. ఎఫ్10 అన్ని విధాలా సమర్థమైన బండి, రోజూ వాడుకోవడానికి ఈ60 కంటే ఎంతో మేలు. అయినా స్పీకర్లలోంచి ఇంజన్ వినాల్సి రావడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎం5 అంటే ఏమిటన్న ప్రశ్నకు సమాధానం మారింది ఆ బండిలోనే.

2017లో వచ్చిన ఎఫ్90 గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 600 హెచ్‌పీ, నాలుగు చక్రాలకూ బలం, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. ఎఫ్10 కంటే 40 హెచ్‌పీయే ఎక్కువ, అయినా వంద కిలోమీటర్ల వేగానికి పట్టే సమయం 4.4 సెకన్ల నుంచి 3.4కు పడిపోయింది. ఆ ఒక్క సెకనులో ఎక్కువ భాగం ఇంజన్ ఇచ్చింది కాదు, టైర్లు ఇచ్చింది. ఎఫ్10లో 680 న్యూటన్ మీటర్లను వెనక టైర్లు రెండూ రోడ్డుకు అందించలేక గిర్రున తిరిగేవి. నాలుగుకు పంచాక వృథా ఆగింది. కావాలంటే వెనక చక్రాలకే బలం వెళ్లేలా మార్చుకునే మీట కూడా ఉంచారు. ఇంత యంత్రాంగం అదనంగా చేరినా బరువు 1,855 కిలోలు, ముందు తరం కంటే 15 కిలోలు తక్కువ. ఇది చిన్న విజయం కాదు. కొత్త బండిని అందరూ దీనితోనే పోల్చి నిట్టూరుస్తున్నారు.

ఇక 2024 నాటి జీ90. 4.4 లీటర్ల వీ8 నుంచి 585 హెచ్‌పీ, గేర్‌బాక్స్‌లో దాచిన ఎలక్ట్రిక్ మోటార్ నుంచి 197. రెండూ కలిసి ఒకేసారి ఇవ్వగలిగింది 727 హెచ్‌పీ, 1,000 న్యూటన్ మీటర్లు. పత్తి లెక్కలో చెప్పాలంటే బోరెం మోయడానికి పక్కన ఇంకో మనిషి చేరాడు. కానీ ఆ మనిషి అన్నం మూట కూడా మనమే మోయాలి, అదే బ్యాటరీ. టన్నుకు హార్స్‌పవర్ లెక్క చూడండి. ఈ60కు 289, ఎఫ్10కు 299, ఎఫ్90కు 323, జీ90కు మళ్లీ 299. పదమూడేళ్ల కిందటి ఎఫ్10తో సమానం. వందకు చేరే సమయం 3.5 సెకన్లు, ముందు తరం కంటే పదోవంతు సెకను నెమ్మది. వందకు చేరడంలో కొత్త ఎం5 పాత ఎం5 కంటే వెనకబడటం కాగితం మీద ఇదే మొదటిసారి.

అయినా ఎందుకు చేశారంటే మళ్లీ పరీక్ష గదే. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకు, అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు చార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ కూడా ఉన్న ఇలాంటి బండ్లకు, పెట్టే పరీక్షలో బ్యాటరీ మీద నడిచిన దూరాన్నీ కలిపి సగటు తీస్తారు. పద్ధతి ఎఫ్10 నాటిది కాదు, మారింది. అయినా విడుదల నాటికి ఈ రెండున్నర టన్నుల బండి అధికారిక లెక్క కిలోమీటరుకు 40 గ్రాముల లోపే. బ్యాటరీ ఖాళీ అయ్యాక మాత్రం వంద కిలోమీటర్లకు పది లీటర్లకు పైగానే తాగుతుంది. దీన్ని మోసం అనలేను. ఇంట్లో రోజూ చార్జింగ్ పెట్టుకునేవాడికి అరవై చిల్లర కిలోమీటర్లు పెట్రోలు చుక్క ముట్టకుండా నడుస్తుంది. కానీ చార్జింగ్ పెట్టనివాడికి అది మోసుకు తిరిగే బరువు మాత్రమే.

ఇంకో దారి లేదా అంటే, ఉంది. మెర్సిడెస్ తన సీ63లో వీ8ను తీసేసి నాలుగు సిలిండర్ల చిన్న ఇంజన్‌కు మోటార్ జోడించింది. అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి, 680 హెచ్‌పీ. కానీ ఏళ్ల తరబడి దాన్ని ప్రేమించినవాళ్లు దూరమయ్యారు. బీఎండబ్ల్యూ వీ8ను కాపాడుకోవడానికి బరువును భరించింది. నన్నడిగితే ఇది సరైన బేరమే. ఇంట్లో తమ్ముడి పోటీ కూడా ఆగలేదు. అదే 5 సిరీస్‌లో పూర్తి ఎలక్ట్రిక్ ఐ5 ఎం60 ఇప్పటికే 601 హెచ్‌పీతో ఉంది. ఎఫ్90 ఎం5 మొదట వచ్చినప్పటి బలం అది. 1990లలో 540ఐ చేసిన పనే ఇప్పుడు అది చేస్తోంది.

మన దేశంలో మామూలు 5 సిరీస్‌ను చెన్నై ప్లాంటులో కూరుస్తారు. ఎం5 మాత్రం పూర్తిగా తయారై దిగుమతి అవుతుంది. 2024 నవంబరులో దాని ఎక్స్-షోరూమ్ ధర 1 కోటి 99 లక్షలతో మొదలైంది.

మొదటి ఎం5 పొడవు నాలుగు మీటర్ల అరవై సెంటీమీటర్ల చిల్లర. జీ90 ఐదు మీటర్లు దాటింది. ముందు ఫెండర్లు మామూలు 5 సిరీస్ కంటే 75 మిల్లీమీటర్లు వెడల్పు. వీధి చివర నుంచే అది ఎం5 అని తెలిసిపోతుంది, ఈ28లా ఎవరి కంటా పడకుండా పోవడం దాని వల్ల కాదు. కానీ తెల్లవారుజామున ఎలక్ట్రిక్ మోడ్‌లో గేటు దాటి వెళ్తే పక్కింటివాళ్లకు నిద్రాభంగం కూడా కాదు. గంటకు 140 కిలోమీటర్ల వేగం దాకా వీ8 నిద్రపోతూనే ఉంటుంది.